కాజా నేర్పిన పాఠం

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో మనం కరువు భత్యం గురించి, వైద్య సదుపాయం గురించి, కదలని ఫైళ్ళ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను 'పదవీ విరమణ తరువాత నేను నేర్చుకున్నది' అనే అంశం మీద మాట్లాడమన్నారు. కాజాల గురించి మాట్లాడతానన్నాను. ఫోనులో ఆయన కాసేపు ఉలకలేదు, పలకలేదు. తరువాత "కాజాలు తెస్తారా, ఉత్త మాటలేనా?" అని అడిగారు. రెండూ తెస్తానన్నాను. డబ్బా అదిగో, ఆ బల్ల మీద ఉంది. ప్రసంగం పూర్తయ్యేవరకు దాని జోలికి ఎవరూ పోవద్దని మనవి.

ఈ రోజు ప్రాముఖ్యం మీ అందరికీ తెలిసిందే. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను ఎవరో దయతలచి పెట్టే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. మనలో కొందరికి పూర్తి పింఛను ఉంది, కొందరికి 1995 పథకం కింద వచ్చే కొద్ది మొత్తమే ఉంది. ఎంత వచ్చినా, అది మన హక్కు అని తలెత్తుకొని తీసుకుంటున్నాం. మంచిదే. అయితే ఇంట్లో పొద్దున్నే మన చేతికి వచ్చే కాఫీ గ్లాసును కూడా నేను నలభై ఏళ్ళు అలాగే తీసుకున్నాను. అది కూడా హక్కే అనుకున్నాను. ఆ తప్పు నాకు ఎలా తెలిసివచ్చిందో చెప్పడానికే ఈ కాజాల కథ.

నేను రోలింగ్ మిల్లులో పనిచేశానని మీలో చాలామందికి తెలుసు. రిటైరయ్యాక ఉక్కునగరంలో క్వార్టరు ఖాళీ చేసి, అచ్యుతాపురంలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఒకప్పుడు అక్కడ జీడితోటలు, సరుగుడు తోటలు చూసినవాళ్ళం. ఇప్పుడు తెల్లవారితే సెజ్‌కు వెళ్ళే బస్సుల హారన్లతోనే మెలకువ వస్తుంది. సాయంత్రం పూడిమడక వైపునుంచి సముద్రపు గాలి వస్తుంది. అది ఒంటికి హాయిగానే ఉంటుంది. పిండివంటలకు మాత్రం అది శత్రువని నాకు తరువాత తెలిసింది.

రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున మా ఆవిడకు మూతి కొంచెం పక్కకు లాగినట్టయింది. మాట ముద్దగా వచ్చింది, కుడి చెయ్యి పైకి లేవలేదు. 108కి ఫోను చేశాం. ఇక్కడ ఒక మాట పక్కదారి పట్టి అయినా చెప్పాలి. ఈ మూడు గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా, తెల్లవారనిద్దాం, కాస్త పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకండి. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే, దాన్ని కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. మా ఆవిడకు ప్రాణాపాయం తప్పింది. నెల రోజుల్లో మాట తిరిగి వచ్చింది. కాలు కూడా చాలావరకు బాగుపడింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. భుజం లేస్తుంది, వేళ్ళు పట్టు పట్టవు.

మాట వచ్చిందన్నాను గాని, మాట్లాడడం మానేసింది. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. వంటకు మనిషిని పెట్టుకున్నాం. ఆమె వండి వెళ్ళేది, మేమిద్దరం తినేవాళ్ళం. మా ఆవిడ వంటింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, వెనక్కి వెళ్ళిపోయేది. నేను పేపరు చదువుకుంటూ అది చూసేవాణ్ణి. చూసి, మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయేవాణ్ణి.

ఇలా ఉండగా ఈ ఏడాది మా చిన్నమ్మాయికి నెల తప్పింది. పెళ్ళయిన ఏడేళ్ళకు వచ్చిన మొదటి కానుపు. శ్రావణంలో సీమంతం పెట్టుకున్నారు. వియ్యాలవారిది మండపేట దగ్గర ఒక ఊరు. మనవైపు ఆచారం మీకు తెలుసు కదా, పుట్టింటివాళ్ళు చలిమిడి, సూడిదలు పట్టుకువెళ్ళాలి. పెద్దమ్మాయి సీమంతానికి మా ఆవిడ తన చేత్తో నూట పదహారు మడత కాజాలు చేసింది. వాళ్ళమ్మది గోదావరి జిల్లా. ఆ విద్య అక్కడినుంచి వచ్చింది.

అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, మీరేమీ హైరానా పడకండి. తాపేశ్వరం మాకు పక్కనే. కాజాలు ఇక్కడే కొనేద్దాం. అమ్మకు చెప్పండి" అంది.

మాట సబబే. మడత కాజాకు తాపేశ్వరం పెట్టింది పేరు. పోలిశెట్టి సత్తిరాజుగారు మొదలుపెట్టిన ఆ మిఠాయి ఒక పల్లెటూరి పేరును దేశమంతా తిప్పింది. ఆ ఊరి పక్కకి మనం కాజాలు పట్టుకెళ్ళడం అనకాపల్లికి బెల్లం మోసుకెళ్ళినట్టే. ఈ మాటే మా ఆవిడతో అన్నాను, నవ్విద్దామని. ఆవిడ నవ్వలేదు. ఎడమ చేత్తో కుడి చేతిని తీసి ఒళ్ళో పెట్టుకొని, "కొన్నవి సూడిదలెలా అవుతాయండీ?" అంది. మళ్ళీ మాట్లాడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్న లేచి, "కాజాలు నేను చేస్తాను. ఎలాగో నువ్వు చెప్పు" అన్నాను. టీ కాచడం కూడా సరిగ్గా రాని మనిషి ఆ మాట అంటే ఎవరు నమ్ముతారు? ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీరా?" అంది. ఆ 'మీరా'లో ఉన్న చిన్నచూపు ఉంది చూశారూ, రెండేళ్ళ తరువాత విన్నాను దాన్ని. నాకు చాలా సంతోషం వేసింది.

సీమంతానికి అయిదు వారాలు ఉంది. ఆదివారం వంటమనిషికి సెలవు. కాబట్టి ఆదివారాలు నావి. ఆవిడ వంటింట్లో కుర్చీ వేసుకొని కూర్చుంది. నేను పాత షిఫ్టు లాగ్ బుక్కులాంటి పుస్తకం ఒకటి తీసి, "ఊఁ, చెప్పు. మైదా ఎంత?" అన్నాను.

"సరిపడా."

"సరిపడా అంటే ఎంత?"

"చూస్తే తెలుస్తుంది కదండీ."

"నెయ్యి?"

"పిండి పట్టుకుంటే ముద్దయ్యేంత."

నేను పెన్ను మూసేశాను. అక్కచెల్లెళ్ళారా, ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. పదేళ్ళ వయసులో వాళ్ళమ్మ పక్కన నిలబడి నేర్చుకున్న పని. ఆ కొలత ఆవిడ చేతిలో ఉంది, నోట్లో లేదు. ఆ చెయ్యేమో ఇప్పుడు పలకడం లేదు.

మొదటి ఆదివారం అరకిలో మైదా చపాతీ పిండిలా నీళ్ళు పోసి గట్టిగా కలిపాను. బలమంతా పెట్టి పిసికాను. ఒత్తబోతే పిండి సాగి, మళ్ళీ వెనక్కి ముడుచుకుపోతోంది. ఎలాగో ఒత్తి, చుట్టి, కోసి, పొగలు వస్తున్న నూనెలో వేశాను. నిమిషంలో ఎర్రగా వేగాయి. నా ప్రతిభకు నేనే మురిసిపోయాను. తీసి పాకంలో వేసి, చల్లారాక విరిస్తే, పైన పెంకు, లోపల పచ్చి పిండి. పాకం చుక్క కూడా లోపలికి దిగలేదు. సెలవులకు వచ్చిన పెద్దమ్మాయి కొడుకు ఒకటి కొరికి, "తాతయ్యా, ఇవి మీ ఫ్యాక్టరీలో చేసినవా?" అన్నాడు. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను విన్నాను.

నిజానికి ఆ పిల్లవాడి మాటలోనే నా తప్పుకు జవాబు ఉంది. మన మిల్లులో బిల్లెట్టును ఫర్నేసులో పన్నెండువందల డిగ్రీల దాకా వేడి చేస్తాం. కాని పైన ఎర్రబడింది కదా అని బయటికి లాగేస్తామా? వేడి నడిమధ్యకు చేరేవరకు ఉంచుతాం. లేకపోతే రోలు కింద అది చెడిపోతుంది. ముప్పై ఏళ్ళు ఆ పని చేసినవాణ్ణి మూకుడు దగ్గర మరచిపోయాను. ఈ మాట ఆవిడతో గొప్పగా చెప్పాను. "ఇనుము సంగతి నాకు తెలీదు గాని, నూనె పొగ వచ్చిందంటే పొయ్యి తగ్గించాలండీ, అంతే" అంది.

రెండో ఆదివారం సన్న సెగ పెట్టాను. పిండిలో ముందుగా నెయ్యి వేసి రుద్దాను. ముద్దను గంట సేపు తడిగుడ్డ కప్పి ఉంచాను. ఈసారి పిండి చెప్పినట్టు విన్నది. పొరల మధ్య నెయ్యి దండిగా రాశాను, మంచిదే కదా అని. ఆషాఢమాసపు ఉక్క. నెయ్యి కరిగి పీటంతా కారింది. కాజాలు నూనెలో వేయగానే తడిసిన పుస్తకంలో కాగితాల్లా ఒక్కొక్క పొర విడిపోయి తేలాయి. మూకుడులో కాజాలు లేవు, పొరలే ఉన్నాయి.

ఆవిడ కుర్చీలోంచి ముందుకు వంగి చూసి, "చుట్ట చివర తడి చెయ్యి పెట్టి అంటించలేదా?" అంది.

"నువ్వు చెప్పలేదు కదా!"

ఆవిడ కాసేపు ఆలోచించింది. ఎడమ చెయ్యి గాలిలో చాప చుట్టినట్టు కదిలింది. చివరికి వచ్చేసరికి బొటనవేలు ఏదో అద్దినట్టు ఆగింది. "అవునండీ. అద్దేదాన్ని. నాకే తెలీదు" అంది. తరువాత తనే చెప్పింది. వట్టి నెయ్యి రాయకూడదట. నేతిలో బియ్యప్పిండి కలిపి వెన్నలా గిలక్కొట్టి రాయాలట. అప్పుడది జారదు. ఆ రోజు పుస్తకంలో రెండు పేజీలు నిండాయి. ఆవిడ ఒక్క పూటలో అంతసేపు మాట్లాడడం ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి.

ఈ పొరల సంగతి ఏమిటో తెలుసుకుందామని మా అల్లుడి చేత కొన్ని పుస్తకాలు తెప్పించుకొని చదివాను. క్లుప్తంగా చెబుతాను. గోధుమపిండిలో నీళ్ళు పోసి పిసికితే అందులో జిగురు పుట్టి సాగే గుణం వస్తుంది. ఎంత పిసికితే అంత బిగుస్తుంది. కాసేపు వదిలేస్తే బిగువు సడలుతుంది. ముందుగా నెయ్యి రుద్దితే ఆ జిగురు అతిగా పట్టదు, కాజా గుల్లగా వస్తుంది. ఇక పొరకూ పొరకూ మధ్య రాసిన కొవ్వు వాటిని అతుక్కోనివ్వదు. నూనెలో పడ్డాక పిండిలోని నీరు ఆవిరై పొరలను పైకి నెడుతుంది. విడిన ఆ సందుల్లోకే తరువాత పాకం దిగుతుంది. సెగ ఎక్కువైతే పైపొర ముందే గట్టిపడి, ఇక లోపలివి విచ్చుకోవు.

ఇదే సూత్రం మీద ఫ్రాన్సువాళ్ళు వెన్న మడతపెట్టి క్రోసాంట్లు చేస్తారు, తురుష్కులు బక్లావా చేస్తారు. మన బేకరీలో దొరికే పఫ్ కూడా ఈ కుటుంబంలోదే. పూరీ వెళ్ళినప్పుడు జగన్నాథుడి ప్రసాదంగా తెచ్చుకునే ఖాజా, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన బీహారులోని సిలావ్ ఖాజా, ఇవన్నీ దీనికి అన్నదమ్ములు. కాకినాడ గొట్టం కాజా లోపల పాకం నింపుకున్న దగ్గరి బంధువు. వాళ్ళు పొయ్యి లోపల కాలిస్తే మనం నూనెలో వేయిస్తాం. ఎక్కడైనా సరే, ఇది తొందరపడే మనిషికి లొంగే వంట కాదు.

మూడో ఆదివారం వేపుడు కుదిరింది. పొరలు పొరలుగా, గుల్లగా, దొంగబంగారం రంగులో వచ్చాయి. ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకొని తట్టి చూసి తల ఊపింది. ఇక గెలిచినట్టే అనుకొని పాకం దగ్గర ఏమరుపాటుగా ఉన్నాను. ముదిరిపోయింది. కాజాలు వేస్తే లోపలికి దిగక, పైన తెల్లగా పంచదార పేరుకుపోయింది. సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. "తీగ రాగానే దించాలి. నిమ్మరసం నాలుగు చుక్కలు పిండాలి" అంది. ఎందుకని అడిగితే "మా అమ్మ పిండేది" అంది. ఎందుకో కూడా తరువాత చదివాను. నిమ్మరసంలోని పులుపు పంచదారలో కొంత భాగాన్ని విడగొడుతుంది. అందువల్ల పాకం మళ్ళీ పలుకులు కట్టదు. మా అత్తగారు ఏ కెమిస్ట్రీ చదువుకోలేదు. పలుకు కట్టకూడదని మాత్రం ఆవిడకు తెలుసు.

ఆ ఆదివారం ఇంకొక సంగతి జరిగింది. మిగిలిన పిండి ముద్దను అవతల పారేయబోతుంటే, "ఇలా ఇవ్వండి" అని అడిగింది. ఎడమ చేత్తో తీసుకొని కుడి అరచేతిలో పెట్టుకుంది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే నెల రోజుల్లోనే విసిగి అటక మీద పడేసిన మనిషి. పిండిని మాత్రం నొక్కుతూ కూర్చుంది. వేళ్ళు పూర్తిగా మూసుకోలేదు. అబద్ధం చెప్పను, ఇప్పటికీ మూసుకోవడం లేదు. కాని ఆ ముద్ద మీద నాలుగు వేళ్ళ గుర్తులు పడ్డాయి. మేమిద్దరం వాటిని చూశాం. ఏమీ అనుకోలేదు. ఆ మరునాటి నుంచి రోజూ పొద్దున్న గుప్పెడు గోధుమపిండి కలిపి ఆవిడ చేతిలో పెట్టడం నా పనుల్లో చేరింది.

నాలుగో ఆదివారం కాజాలు కుదిరాయి. ఎదురింటివాళ్ళకు పంపాం. గిన్నె ఖాళీగా తిరిగి రాకుండా, అందులో గుప్పెడు చక్రాలు వేసి పంపారు. ఆ చక్రాలను నేను సర్టిఫికెట్టుగా భావించాను.

సీమంతానికి రెండు రోజుల ముందు రెండు కిలోల మైదాతో కూర్చున్నాను. ఉదయం ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడయింది. ఒక్కొక్క వాయి వేగడానికి ఇరవై నిమిషాలు. నడుము పట్టేసింది. మోచేతి మీద నూనె చింది బొబ్బలెక్కింది. అప్పుడు లెక్క వేశాను. మన ఇంట్లో పండగలు ఏడాదికి ఎన్ని? పెళ్ళిళ్ళు, పేరంటాలు, బాలింతలకు, బంధువులకు అని మా ఆవిడ ఈ పొయ్యి ముందు ఎన్నిసార్లు ఇలా నిలబడి ఉంటుంది? నేను ఆఫ్ అయి వచ్చి, రెండు కాజాలు తిని, "పాకం కొంచెం తక్కువైందే" అని ఎన్నిసార్లు అని ఉంటాను? మన మిల్లులో ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైము అడిగేవాళ్ళం. అడగడం న్యాయమే. మరి ఆవిడ ఏ కార్యాలయానికి వెళ్ళి ఏ దరఖాస్తు పెట్టుకోవాలి?

నూట పదహారు లెక్కపెట్టి స్టీలు డబ్బాల్లో సర్దాం. సముద్రపు గాలి తగిలితే మెత్తబడతాయని మూతలు బిగించి గుడ్డ చుట్టాను. యలమంచిలిలో రైలెక్కాం. డబ్బా ఒళ్ళోంచి దించలేదు. సామర్లకోటలో దిగి కారులో వెళ్ళాం. దారిలో కుదుపులకు ఇరవై దాకా విరిగాయి. మిగిలినవి పళ్ళెంలో చలిమిడి పక్కన పెట్టాం.

వియ్యపురాలుగారు కాజాలు ఎరిగిన మనిషి. ఒకటి తీసి, విరిచి, పొరలు చూసి, నోట్లో వేసుకున్నారు. కళ్ళు పెద్దవి చేసి, "వదినగారూ! చెయ్యి బాగయిపోయిందా? నాకు చెప్పనేలేదు!" అన్నారు.

మా ఆవిడ నవ్వి, "చెయ్యి ఆయనది వదినగారూ, మాట నాది" అంది.

అమ్మాయి నావంక చూసింది. వాళ్ళ నాన్న వంటింట్లోకి వెళ్ళడం ఆ పిల్ల ఎన్నడూ చూసి ఎరగదు. ఏమీ అనలేదు, కాజా ఒకటి తీసుకొని కొరికి, "నాన్నా, అమ్మ చేసినట్టే ఉంది" అంది. నిజం చెప్పాలంటే అమ్మ చేసినట్టు లేదు. తాపేశ్వరం కాజాకు అసలే సాటి రాదు. అయినా ఆ మాటను హక్కుగా కాదు, దయగానే తీసుకున్నాను.

మిత్రులారా, ఇదీ కథ. ఇప్పుడు మన లాగ్ బుక్కులో ఉన్న కొలతలు చదువుతాను. కావలసినవారు రాసుకోండి.

అరకిలో మైదా, చిటికెడు ఉప్పు, చిటికెడు వంట సోడా. నాలుగు పెద్ద చెంచాల కరిగిన నెయ్యి వేసి, పిండి గుప్పిట్లో పట్టుకుంటే ముద్దయ్యేవరకు రుద్దాలి. కొద్దికొద్దిగా నీళ్ళు చల్లి మెత్తగా కలపాలి, ఎక్కువ పిసకకూడదు. తడిగుడ్డ కప్పి గంట సేపు వదిలేయాలి. నాలుగు చెంచాల పేరిన నేతిలో మూడు చెంచాల బియ్యప్పిండి కలిపి వెన్నలా గిలకొట్టి పక్కన పెట్టుకోవాలి. పిండిని నాలుగు ముద్దలు చేసి, ఒక్కొక్కటి వీలైనంత పలుచగా ఒత్తి, పైన ఆ నేతిముద్ద పలుచగా రాసి, చాపలా బిగువుగా చుట్టాలి. చివర తడి చేసి అంటించాలి, మరచిపోవద్దు. అంగుళంన్నర ముక్కలుగా కోసి, అప్పడాల కర్రతో ఒక్కసారి మెల్లగా ఒత్తాలి. నూనెలో చిన్న పిండి ఉండ వేస్తే అడుగుకు పోయి నెమ్మదిగా పైకి రావాలి. వెంటనే తేలిందంటే సెగ ఎక్కువ. సన్న సెగ మీద పావుగంట, ఇరవై నిమిషాలు వేయించాలి. ఆరువందల గ్రాముల పంచదారకు గ్లాసున్నర నీళ్ళు పోసి లేత తీగపాకం పట్టి, యాలకుల పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం వేయాలి. గోరువెచ్చని పాకంలో వేడి కాజాలు వేసి అయిదు నిమిషాలు ఉంచి తీయాలి. ముప్పై పైచిలుకు కాజాలు వస్తాయి.

రెండు జాగ్రత్తలు. నూనె పొయ్యి మీద ఉండగా ఫోను వచ్చినా, ఎవరు పిలిచినా కదలకండి. ఒకవేళ నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యవద్దు. పొయ్యి కట్టేసి, పైన మూత పెట్టేయండి. రెండోది, మనలో సగం మందికి పంచదార జబ్బు ఉంది. ఒక్కటి చాలు. ఆ డబ్బాలో ఉన్నవి మనిషికి ఒక్కటి చొప్పునే లెక్కపెట్టి తెచ్చాను.

ఆఖరుగా ఒక మనవి. నేను అందరినీ కాజాలు చేయమనడం లేదు. కాఫీ కలపడం, అన్నం వార్చడం, పప్పు చారు పెట్టడం, ఇంతవరకు నేర్చుకున్నా చాలు. మనకు ఎవరో ఒకరు ఎప్పుడూ వండి పెడతారనే భరోసా ఏ తీర్పులోనూ రాసి లేదు. ఇంకొకటి, మీ ఇంట్లో ఉన్న పెద్ద ముత్తయిదువల చేతిలో ఎన్ని విద్యలు ఉన్నాయో, అవి అడిగితే గాని బయటికి రావు. అడగండి. 'సరిపడా' అంటే ఎంతో దగ్గర నిలబడి చూసి రాసుకోండి. ఆ రాసుకున్నదాని వల్ల వంట వస్తుందో రాదో గాని, వాళ్ళు మీతో మాట్లాడతారు. నాకు కాజా వచ్చిందన్న సంతోషం కంటే, వంటింట్లో కుర్చీ వేసుకొని మా ఆవిడ నన్ను రోజూ కోప్పడుతోందన్న సంతోషమే ఎక్కువ.

ఏటా నవంబరులో మనం బతికే ఉన్నామని ఒక కాగితం ఇస్తుంటాం. ఇంట్లో వాళ్ళకు అటువంటి కాగితం ఇవ్వవలసిన పని లేదు. వంటింట్లోకి వెళ్ళి ఒక గిన్నె కడిగితే చాలు, నమ్ముతారు.

మా ఆవిడ మూడో వరుసలో కూర్చొని ఉంది. ఇంత పొడుగు ప్రసంగం అవసరమా అన్నట్టు చూస్తోంది. చెప్పాను కదా, మాట ఆవిడది. కాబట్టి ఇంతటితో ముగిస్తున్నాను. డబ్బా మూత తీయవచ్చు.